నా భుజం సంగతి వేరు

ఆ చలికాలం మా జట్టులో తేలాల్సింది ఒకటే. వచ్చే వేసవిలో ఆట మొదలుపెట్టి బంతి విసిరేది నేనా, ఇంకొకరా? అది ఎంతకీ తేలకపోవడానికి కారణం మా అన్నయ్య చనిపోవడం.

మాది బేస్‌బాల్ జట్టు. ఐర్లండులో ఆ ఆట ఆడేవాళ్లు తక్కువ. డబ్లిన్ దక్షిణాన శాండీఫోర్డ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లం, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లం కలిసి ఆదివారాలు ఆడుకునేవాళ్లం. సగం మంది ఐరిష్‌వాళ్లు. మిగతా సగంలో అమెరికావాళ్లు, వెనిజులావాళ్లు, నలుగురు తెలుగువాళ్లం. నన్ను తీసుకెళ్లింది మా కోచ్. వరంగల్ వైపు మనిషి. అమెరికాలో చాలాకాలం ఉద్యోగం చేసి, భార్యకి ఇక్కడ పని దొరికితే ఇటు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. క్రికెట్ జట్టులో నాకు చోటు దొరకలేదని విని, చెయ్యి బాగుంటే చాలు రమ్మన్నాడు.

మొదటి ఆటలో నేను బంతిని కొట్టి, బ్యాట్ పట్టుకునే పరుగెత్తాను. బేస్‌బాల్‌లో బ్యాట్ అక్కడే వదిలెయ్యాలి. నేను వదలకపోగా, చివర్లో క్రీజులోకి చాపినట్టు బ్యాట్‌ని బేస్ మీదకి చాపాను. అవతలి జట్టువాళ్లు కూడా కూర్చుని నవ్వారు. ఆ సంగతి అన్నయ్యకి చెప్పడం నాదే తప్పు. అప్పటినుంచీ ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, “ఏరా, బిళ్ళంగోడు ఎలా సాగుతోంది?” అని మొదలుపెట్టేవాడు. అన్నయ్య కార్క్‌లో డాక్టరు. బాలింకాలిగ్‌లో ఇల్లు. ఒక్క ఆటకీ రాలేదు గానీ, ప్రతి ఆటా మొదటినుంచీ చెప్పించుకునేవాడు.

కొత్తవాడినైనా నా విసురు బాగానే కుదిరింది. రెండేళ్లపాటు ఆట మొదలుపెట్టి విసిరేవాణ్ణి నేనే. మొదటివాడు అలిసిపోయాక వచ్చి విసిరేవాళ్లు కూర్చునే చోటుని బుల్‌పెన్ అంటారు. పెద్ద జట్లకి దానికో ఆవరణ ఉంటుంది. మాకు కంచె పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అందులో కూర్చోవాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

కరోనా వచ్చిన మొదటి ఏడు, రెండు లాక్‌డౌన్‌ల మధ్య కొన్ని ఆటలు ఆడనిచ్చారు. నా భుజం అప్పుడే మొరాయించింది. బేస్‌బాల్‌లో ఒక ఆటకి తొమ్మిది చిన్న ఇన్నింగ్స్ ఉంటాయి. రెండోది దాటేసరికి బంతి నేను అనుకున్న చోటికి వెళ్లేది కాదు. ఆఖరి ఆటలో అవతలివాళ్లు నన్ను తేరగా కొట్టారు. ఆట అయ్యాక కోచ్ నా సామాను కారులో పెడుతూ, చలికాలంలో కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. మా జట్టులో వెనిజులా మనిషి ఒకాయన ఉన్నాడు, సైకిల్ మీద ఇళ్లకి తిండి చేరవేసే పని. ఎడమచేతి వాటం. చెప్పి మరీ మూలకి విసిరేవాడు. నా చోటు ఆయనకి వెళ్లాలి. వెళ్తుందనే అనుకున్నాను. బాధగానే ఉండింది గానీ అది మామూలు బాధ.

జనవరిలో అన్నయ్య పోయాడు. కరోనా వార్డులోనే అంటుకుంది. ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ చేసిన డాక్టరు ఒక ఐరిష్ ఆవిడ. పేరు చెప్పి, నేనెవరో రూఢి చేసుకుని, మీ అన్నయ్య చనిపోయారు అంది. ఇక్కడ డాక్టర్లకి ఆ మాటే వాడమని నేర్పుతారని అన్నయ్య ఒకసారి చెప్పాడు. ఇక లేరు, దాటిపోయారు అంటే విన్నవాళ్లు ఒక్క క్షణం ఆశపడతారట. ఆ క్షణం వాళ్లకి ఇవ్వకూడదన్నాడు. ఆవిడ ఇవ్వలేదు. ఫోన్ పెట్టేశాక ఆవిడ మీద నాకు కృతజ్ఞత కలిగింది.

అన్నయ్యకి కూతురు ఒక్కతే కాబట్టి కర్మ నేను చేశాను. కార్క్ దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, లాక్‌డౌన్ తనిఖీకి కారు ఆపి ఎక్కడికని అడిగారు. అంత్యక్రియలకి అన్నాను. కుర్రగార్డు టోపీ తీసి, మీ కష్టానికి విచారిస్తున్నాను అన్నాడు. అది ఈ దేశంలో చావు దగ్గర అందరూ అనే మాట. అంతకంటే ఏమీ కలపరు. దహనం దగ్గర లోపలికి రానిచ్చింది కొద్దిమందినే. పురోహితుడు ఫోన్ తెరలో మంత్రాలు చెప్పాడు. మధ్యలో రెండుసార్లు తెగిపోయింది, మళ్లీ కలిసింది.

డబ్లిన్ తిరిగొచ్చాక అందరూ మంచివాళ్లయిపోయారు. ఆఫీసులో నా పని చెప్పకుండానే వేరేవాళ్లకి పంచారు. నేను రాసిన ప్రోగ్రాంలో తప్పు దొరికితే నాకు తెలియకుండా సరిచేశారు. ఇంట్లో మా ఆవిడ కూరలో కారం తగ్గించింది. ఎందుకు తగ్గించావంటే తగ్గించలేదంది. మా అమ్మాయి టీవీ శబ్దం లేకుండా చూడటం మొదలుపెట్టింది. వాళ్లందరూ ప్రేమతోనే చేశారు. నాకు మాత్రం ఆ ఇంట్లో నేను కూడా కొంత పోయినట్టు అనిపించేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం జట్టు అంతా జూమ్‌లో కలిశాం. ఎవరు ఉంటున్నారు, ఎవరు వెళ్తున్నారు అన్నది ముందు. ఇద్దరు అద్దెలు కట్టలేక సొంత దేశాలకి వెళ్లిపోయారు. ఒకాయనకి మోకాలు. తర్వాత కాంట్రాక్టులు. మా జట్టులో డబ్బు లేదు కాబట్టి కాంట్రాక్టు అంటే నోటిమాటే. ఒక్కొక్కరూ అందరి ముందూ, ఈ ఏడు ఎన్ని ఆదివారాలు వస్తాం, ఏ పని చేస్తాం అని చెప్పాలి. చెప్పింది తప్పితే కోచ్ ఊరుకోడు. ఒక ఐరిష్ ఎలక్ట్రీషియన్, పెళ్లి కుదిరింది కాబట్టి సగం ఆదివారాలే అంటే, పెళ్లి ఒక్క రోజే కదా అని కోచ్ బేరమాడాడు.

నా వంతు వచ్చింది. నేను నోరు తెరిచేలోపే కోచ్, ఇందులో మార్పేమీ లేదు, మొదలుపెట్టేది ఆయనే, అన్నాడు. తెరలో తలలన్నీ ఊగాయి. వెనిజులా ఆయన బొటనవేలు పైకెత్తాడు. ఆ వేలు నన్ను బాధపెట్టింది. ఆయనకి రావాల్సింది ఆయనే తీసి నాకు ఇస్తున్నాడు. ఎందుకు ఇస్తున్నాడో మా ఇద్దరికీ తెలుసు. నేను థాంక్స్ అన్నాను.

ఆ వారమంతా ఆలోచించాను. చోటు ఇచ్చారు, సంతోషించాలి. కానీ నేను బాగా విసిరినా, పాడుగా విసిరినా ఒకటే అయినప్పుడు ఆ చోటుకి అర్థం లేదు. ఆఫీసులో నా పనీ అంతే, ఇంట్లో కారమూ అంతే. నా గురించి ఎవరైనా ఒక్కరు, ఏ ఒక్క విషయంలోనైనా ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలనిపించింది. అడగాల్సింది కోచ్‌నే.

ఇంకొక ఇంటివాళ్లతో బయట వ్యాయామం చెయ్యడానికి అప్పుడు ఒప్పుకునేవారు, అదీ ఇంటికి ఐదు కిలోమీటర్ల లోపు. కోచ్ ఇల్లు దగ్గరే. ఆఫీసులన్నీ మూతపడి, కార్లు నిలిపే స్థలాలు ఖాళీగా ఉండేవి. పక్కనుంచి లువాస్ ట్రాము ఖాళీ పెట్టెలతో వెళ్లేది. అక్కడ గీతల మధ్య దూరం కొలుచుకుని, కారులోని రబ్బరు మ్యాట్‌ని బేస్‌గా పరిచి, నేను విసురుతుంటే కోచ్ గొంతుక్కూర్చుని పట్టాడు.

బంతి గట్టిగా వస్తే పట్టేవాడి గ్లవ్ ఫట్‌మంటుంది. ఆ రోజు ప్రతి బంతికీ ఫట్‌మంది. నాకు అనుమానం వచ్చింది. నా చేతిలోంచి ఆ బంతి ఎంత నెమ్మదిగా వెళ్లిందో నాకు తెలుసు. చూస్తే, బంతి చేరే సమయానికి ఆయన గ్లవ్‌ని ముందుకి తోసి మరీ కొడుతున్నాడు.

“ఎలా ఉంది?” అన్నాను.

“గ్రాండ్ అన్నా, గ్రాండ్.”

ఇక్కడ అన్నిటికీ ఆ మాటే. వర్షం పడినా గ్రాండే. నేను ఇంకో బంతి విసరకుండా దగ్గరికి నడిచాను.

“మా అన్నయ్య పోయిన సంగతి వేరు,” అన్నాను. “నా భుజం సంగతి వేరు. ఆ రెండోదాని గురించి చెప్పు.”

ఆయన గ్లవ్ తీసి, ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాడు. నేను దూరం వదిలి కూర్చున్నాను.

“ఇంట్ల మా అత్తమ్మ జెప్పిందన్నా,” అన్నాడు. “మనిషి పోయినింట్ల ఏడాది తిరిగెదాంక చేదుమాట జెప్పద్దట.” విమానాలు లేక వాళ్ల అత్తగారు ఆ ఏడాదంతా ఇక్కడే ఉండిపోయారు.

“ఏడాది నాకు. నా భుజానికి కాదు.”

“మొత్తం జెప్పాల్నా?”

“మొత్తం చెప్పు.”

చెప్పాడు. “నువ్వు ఇగ స్టార్టర్‌వి కాదన్నా. పోయినేడే కావు. రెండో ఇన్నింగ్స్ దాటంగనే నీ మోచెయ్యి కిందికి జారుతది. బాలు సక్కగ నడుమెత్తున వస్తది. గట్లొస్తె మా అత్తమ్మ గూడ కొడ్తది.” మొదలుపెట్టాక ఆగలేదు. నేను సరిగా ఒళ్లు వేడి చేసుకోనన్నాడు. చెప్తే వింటాను గానీ చెయ్యనన్నాడు. విసిరాక ఇప్పటికీ క్రికెట్ బౌలర్‌లా నాలుగడుగులు ముందుకి పరుగెత్తి, నా వైపు వచ్చే బంతిని నేనే వదిలేస్తానన్నాడు. “ఇన్నేండ్లయింది, ఇంకా నీ తలకాయల బ్యాట్ పట్టుకొనే ఉరుకుతున్నవ్.”

నేను నవ్వాను. ఆయన భయపడి నా వైపు చూశాడు. తర్వాత ఆయన కూడా నవ్వాడు.

నా చేతిలో ఇంకేమైనా మిగిలిందా అని అడిగాను. మిగిలింది అన్నాడు. ఒక్క ఇన్నింగ్స్ వరకైతే నా విసురు ఇప్పటికీ మంచిదేనట. ఆఖరున, అవతలివాళ్లు అలిసిపోయాక, నా నెమ్మది బంతులు వాళ్లకి చిక్కవట. వెనిజులా ఆయన మొదలుపెట్టాలి, నేను కంచె పక్కన కుర్చీలో కూర్చోవాలి. ఇది ఆయన సెప్టెంబరులోనే అనుకున్నాడు. చెప్పడానికే ఆగాడు.

“ఆ ఒక్క ఇన్నింగ్స్ కూడా బాగా వెయ్యకపోతే?”

“తీసేస్త.”

“అన్నయ్య పోయాడని చూడకుండా?”

కోచ్ నా మొహంలోకి చూశాడు. “చూడ,” అన్నాడు. “అందరి ముందట వచ్చి బాలు గుంజుకుంట.”

అదే మా కాంట్రాక్టు. ఒక ఏడు, ఒక ఇన్నింగ్స్. వచ్చే చలికాలం మళ్లీ చూసుకోవడం. గుండె మీంచి బరువు దిగింది అని రాయడం నాకు ఇష్టం లేదు. దిగిందో లేదో తెలియదు. జరిగింది ఇది: నాకు ఆకలేసింది. జనవరి నుంచీ పెట్టినప్పుడు తింటున్నాను తప్ప ఆకలన్నది లేదు. కోచ్ కారులో వాళ్ల అత్తగారు చుట్టి ఇచ్చిన సర్వపిండి ఉంది. నువ్వు బయటివాళ్లది తినొచ్చా అని ఆయన అనుమానంగా అడిగాడు. తినొచ్చన్నాను. చల్లారి గట్టిపడింది. పచ్చిమిరపకాయలు బాగా తగిలాయి. ఇద్దరికని కట్టిందంతా దాదాపు నేనే తినేశాను. రెండో ముక్క అయ్యాక ఆయన, ఇది కూడా చేదుమాటే గానీ అది నా లంచ్ అన్నా, అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం జూమ్‌లో నేనే చెప్పాను. వెనిజులా ఆయన ఈసారి బొటనవేలు ఎత్తలేదు. మైకు తెరిచి, మరి మీ భుజానికి రోజూ ఐసు పెడుతున్నారా అని అడిగాడు. లేదన్నాను. పెట్టమని కోప్పడ్డాడు.

మేలో మైదానాలు తెరిచారు, జూన్‌లో ఆటలు మొదలయ్యాయి. నేను కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నాను. పక్క కుర్చీలో ఎలక్ట్రీషియన్. కొన్ని ఆటలు నేను ముగించాను, బాగానే ముగించాను. జులైలో ఒక ఆదివారం మాత్రం కుదరలేదు. మూడు పరుగులు ముందున్నాం, చివరి ఇన్నింగ్స్, బంతి నాకిచ్చారు. మొదటి ఇద్దరికీ అడ్డదిడ్డంగా విసిరి, వాళ్లు కొట్టకుండానే ఊరికే బేస్‌కి పంపాను. మూడోవాడు కంచెదాకా కొట్టాడు. నాలుగోవాడూ కొట్టాడు.

కోచ్ బెంచీ మీంచి లేచాడు. మైదానం మధ్యలోకి మామూలు నడకతో వచ్చాడు, తొందరా లేదు, మొహమాటమూ లేదు. నా ముందు నిలబడి చెయ్యి చాపాడు.

“చాలన్నా,” అన్నాడు.

బంతి ఆ చేతిలో పెట్టాను. ఎలక్ట్రీషియన్ వచ్చి మిగతాది విసిరాడు. ఆట ఓడిపోయాం.

ఇంటికి వెళ్లేసరికి సాయంత్రమైంది. ఎలా జరిగిందని మా ఆవిడ అడిగితే, మధ్యలో తీసేశాడని చెప్పాను. ఆవిడ మా అమ్మాయికి ఊరుకోమని కళ్లతో సైగ చేసింది. అది పట్టించుకోలేదు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే, ఇక్కడి యాసలోనే ఇస్తుంది. బ్రూటల్‌గా వేశావా డాడ్ అంది. ఇక్కడి పిల్లల మాటలో దానికి ఘోరం అని అర్థం.

“ఘోరంగానే వేశాను,” అన్నాను.

ఎంత ఘోరం అంది. అన్నయ్య ఫోన్ వచ్చే వేళ అది. టీవీ కట్టేసి కూర్చోమన్నాను. ఇద్దరూ కూర్చున్నారు. మొదటినుంచీ చెప్పాను.