చేతులు వెనక్కి పెట్టించిన సారు

మా చిన్నమ్మాయికి ఉద్యోగం వచ్చిందండీ! ద్వారకా నగర్‌లో ఏ క్లాసులో వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకుందో, అదే క్లాసుకి ఇప్పుడు తనే టీచరు. కాగితం ఈ ఉదయమే చేతికిచ్చారు. ఈ మాట మొట్టమొదట వినవలసిన మనిషి, ఆ క్లాసు సారు, పోయి ఈ రోజుకి పదకొండు రోజులు. గుండెపోటు. గోపాలపట్నం మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే అమ్మాయి ఫోను చేసి "నాన్నా, సారు లేరు" అంది. సంచీ అక్కడే మర్చిపోయి ఇంటికి వచ్చేశాను.

ఇలాంటివి ఏడుస్తూ రాయాలంటారు. నేను ఏడవను. సంతోషంగా రాస్తాను, కాస్త కోపంగా కూడా రాస్తాను. కోపమెందుకంటే, ఆ సంస్థ వాళ్ళు నోటీసు బోర్డు మీద సారు ఫొటో పెట్టి, కింద "శాంతస్వభావులు, మితభాషి" అని రాశారు. ఎవరండీ మితభాషి? ఆయన గొంతు మేడ దిగి రోడ్డు దాకా వినపడేది!

నేను పోర్టులో సిగ్నల్‌మేన్‌గా చేసి రిటైరైన వాణ్ణి. ఓడ మీద నిలబడి, ఎత్తున కూర్చున్న క్రేన్ డ్రైవరుకి ఎత్తు, దించు, ఆపు అని చేతులతో చెప్పే పని. చదివింది ఎనిమిదో తరగతి. ఒకరోజు వాన పడుతోందని అమ్మాయికి గొడుగు ఇవ్వడానికి ఆ క్లాసుకి వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూడగానే సారు ముఖం వెలిగిపోయింది.

"రండి రండి, సరిగ్గా మీలాంటి వారి కోసమే చూస్తున్నామండి!" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, కంప్యూటర్ ముందున్న నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్లలు సింహాచలం వెళ్ళే భక్తుల కోసం ఒక పేజీ తయారుచేశారట. కొండ మీదికి మొదటి బస్సు ఎన్నింటికో అందులో వెతకమన్నారు.

కొండ బొమ్మ వస్తోంది, పోతోంది. పూలు రాలుతున్నాయి. గంట మోగుతోంది. బస్సు మాత్రం లేదు. నాకు చెమటలు పట్టాయి. వెనక నుంచి మా అమ్మాయి ఆగలేక "నాన్నా, పైన మూలకి మూడు గీతలున్నాయి సూడు, అయి నొక్కు..." అంటూ చెయ్యి చాపింది.

"చేతులు వెనక్కి!" అని సారు ఒక్క అరుపు అరిచారు. "నోళ్ళు మూతపడాలి! రేపు ఈయన ఇంట్లో ఈ పేజీ తెరిస్తే మూడు గీతలు చూపించడానికి మీరు వెళ్తారా?"

పిల్లలందరూ డ్రిల్లులో లాగ చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"నాకు సదువు తక్కువ సారూ. నానే ఏదో తప్పు నొక్కినట్టున్నాను" అన్నాను.

"మీరు తప్పు నొక్కలేదండి. వీళ్ళు తప్పు చోట పెట్టారు. కనపడలేదు అని చెప్పండి. గట్టిగా చెప్పాలి."

"కనపడలేదు!" అన్నాను.

చదువుతున్న మీకు ఇది చిన్న మాటగానే ఉంటుంది. నా బతుకంతా ఏ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళినా "అక్కడే రాసుంది కదా, కనపడ్డం లేదా?" అనిపించుకున్నాను. అనిపించుకుని తల దించుకున్నాను. అరవై దాటాక, తల ఎత్తి ఆ మాట తిరిగి చెప్పడం ఒక మనిషి నాకు నేర్పారు. అందుకే ఆయన మా అమ్మాయికి ఎంత సారో, నాకూ అంతే.

ఆరోజే నాకు నోరు పెగిలి, మా పోర్టు పద్ధతి చెప్పాను. "బరువు జారితే ముందు నన్నడుగుతారు సారూ, డ్రైవర్ని కాదు. సూరీడు నా ఎనకుంటే ఆడికి నా సెయ్యి కనపడదు. అందుకే ఆడికి కనపడే సోట నానే ఎళ్ళి నిలబడాల."

సారు లేచారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఆడికి కనపడే సోట" అని నా యాసలోనే రాశారు. "రాసుకోండి. ఇంతకు మించి నా దగ్గర సిలబస్ లేదు" అన్నారు. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆ కుర్చీ నాదే.

ఆయన జేబులో అద్దం పగిలిన పాత ఫోను ఒకటుండేది. పిల్లలు చేసిన ప్రతి పేజీ అందులో తెరిచి చూడాల్సిందే. ఒకసారి సముద్రం మీద చేపల వేటకెళ్ళే వాళ్ళ కోసం గాలి, అల తెలిపే పేజీ చేస్తే, మిట్టమధ్యాహ్నం అందరినీ ఒడ్డుకి నడిపించారు. వల సర్దుకుంటున్న ఒకాయన ఆ ఫోను తీసుకుని, ఎండలో అటూ ఇటూ తిప్పి "ఇందులో ఏటుంది? నా మొగమే కనబడతంది" అన్నాడు. తడి వేలితో నొక్కితే అది వినలేదు. "సముద్రం మీదున్నోడికి పొడి సెయ్యి ఎక్కడినుంచి వత్తాది బాబూ?" అని పకపకా నవ్వాడు. సారు ఆయనకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. క్లాసు ఆ వారమంతా లేత రంగులు మానేసి, పెద్ద పెద్ద బొత్తాలు పెడుతూ కూర్చుంది.

"మంచి వెబ్‌సైట్ అంటే ఎలాగుంటాది సారూ?" అని ఒకసారి అడిగాను. "ఎవరికి?" అన్నారు. ఆయన ఊతపదమే అది. టీ బాగుందంటే "ఎవరికి?" అనేవారు. టీ కొట్టాయన విసుక్కునేవాడు.

సారు పోయాక, ఆ క్లాసు ఎవరికివ్వాలా అని అమ్మాయిని ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. సంస్థ డైరెక్టరు ముందే హెచ్చరించారు: "ఆ కుర్చీ గోల వద్దు. బయటివాళ్ళని తేవద్దు. నీట్‌గా పాఠం చెప్పు, చాలు." అమ్మాయి ఇంటికొచ్చి రాత్రి అన్నం ముందు పెట్టుకుని "ఏటి సెయ్యాల నాన్నా?" అంది. కుర్చీ వదిలేస్తే ఉద్యోగం ఉంటుంది, సారు పాఠం పోతుంది. కుర్చీ పెడితే ఉద్యోగం పోవచ్చు. "నాను వత్తన్నాను. నా సోటు నాకుంచు" అన్నాను.

వెళ్ళి కూర్చున్నాను. అమ్మాయి తెరిచిన పేజీ వేరెవరిదో కాదు, ఆ సంస్థదే. వెబ్ డిజైన్ క్లాసు ఎన్నింటికో వెతకమంది. తెరవగానే ఒక పెట్టె అడ్డం పడి, ముందు నీ ఫోన్ నంబరు చెప్పమంది. అడగడానికి వచ్చిన వాణ్ణే అడుగుతోంది! దాన్ని మూస్తే నవ్వుతున్న కుర్రాళ్ళ బొమ్మలు. కిందికి, ఇంకా కిందికి వెళ్ళాను.

"కనపడలేదు!" అన్నాను, సారుకి వినపడేంత గట్టిగా.

డైరెక్టరు లేచారు. "అక్కడే ఉంది కదండీ, కనపడ్డం లేదా? ఇదిగో..." అని చెయ్యి చాపారు.

"సార్," అంది మా అమ్మాయి. "చేతులు వెనక్కి పెట్టుకోండి."

క్లాసంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. అమ్మాయి పగిలిన ఫోను ఆయన చేతికిచ్చి "పోనీ మీరే వెతకండి సార్" అంది. ఆ ఫోను సారు ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్నదే. డైరెక్టరు వెతికారు. చాలాసేపు వెతికారు. చివరికి కుర్చీ కేసి చూసి, "ఇది ఇక్కడే ఉండనివ్వండి" అన్నారు. ఈ ఉదయం కాగితం ఇచ్చారు.

సారు ఇంటికి బయల్దేరుతుంటే మా ఆవిడ తమ్ముడు అడ్డం పడ్డాడు. "ఏటి బావా, సావింటికి సుభవార్త పట్టుకెళ్తావేటి? పన్నెండో రోజు దాటనీ!" నేను దాటనివ్వను. ఆ ఇంట్లో పుట్టిన వార్త ఆ ఇంటికి మైలేమిటి?

చెప్పవలసిన వాళ్ళని కాగితం మీద రాసుకున్నాను. ఎవరికి, ఎలా అని కూడా పక్కనే రాసుకున్నాను.

గోపాలపట్నం అక్కకి, ఎడమ చెవి దగ్గర, గట్టిగా.

వేటకెళ్ళిన పెద్దల్లుడికి, ఒడ్డుకి వచ్చాక ఫోనులో, నాలుగు ముక్కల్లో.

సింహాచలం కొండ కింద కొబ్బరికాయలమ్మే చిన్నాన్నకి, బేరం లేని వేళ చూసి.

అడ్డం పడ్డ బావమరిదికి, ఇంకోసారి, మిఠాయి నోట్లో పెట్టి.

సారు భార్యకి. ఆవిడకి ఏ మాట ముందు చెప్పాలో ఇంకా తెలియలేదు. ఎదురుగా కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ముందు ఆవిడ ముఖం చూస్తాను.