సత్తయ్యన్న డబుల్ క్లిక్

2022 ఆషాఢం. అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో, కోచింగ్ ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల కింద నా కంప్యూటర్ రిపేరు షాపు. ఆడమనిషి చేతిలో స్క్రూడ్రైవర్ చూసి "సార్ లేడా?" అని అడిగేవాళ్లకు "సార్ ఇంట్ల వంట చేస్తుండు" అని చెప్పడం నాకు అలవాటు. అబద్ధం కూడా కాదు, మా ఆయన వంట బాగా చేస్తాడు.

నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ "కంప్యూటర్ స్లో అయింది" అనేవే. దానికి మందు తెలిసిందే. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం లాంటిది తిరుగుతూ ఉంటుంది. అది తీసి ఎస్‌ఎస్‌డి పెడితే అందులో తిరిగేదేమీ ఉండదు కనుక ఫైళ్లు చప్పున తెరుచుకుంటాయి. ర్యామ్ అంటే పనిచేసేటప్పుడు సామాను పరుచుకునే బల్ల. ఆ బల్లను పెద్దది చేయాలి. స్విచ్ వేయగానే పిలవకుండా లేచి కూర్చునే ప్రోగ్రాములను పడుకోబెట్టాలి. అంతే.

సత్తయ్యన్న పంజాగుట్టలో డీటీపీ చేసేవాడు, అంటే పెళ్లికార్డులు, కరపత్రాలు కంప్యూటర్లో కంపోజ్ చేయడం. ఒక జిరాక్స్ సెంటర్లో మూలన బల్ల అద్దెకు తీసుకున్నాడు. సొంతూరు సిరిసిల్ల. చిన్నప్పుడు మగ్గం మీద ఆడిన చేతులు కీబోర్డు మీద కూడా అలాగే ఆడేవి. ఆయన తెలుగు టైప్ చేస్తుంటే కార్డు కోసం వచ్చినవాళ్లు కార్డు సంగతి మరిచిపోయి వేళ్లు చూస్తూ నిలబడేవాళ్లు. ఆ సత్తయ్యన్న ఒకరోజు సీపీయూ ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చాడు.

"చెల్లె, జర దీని సంగతి చూడు. నొక్కితే తెర్సుకుంటలేదు. శ్రావణం లగ్గాలున్నయి, గిరాకీ అంత పక్క దుకాణంకు పోతున్నది. గా బల్ల పోతే మాకు వేరే ఆధారం లేదు."

మందు వేసి పంపాను. వారం తిరగకముందే మళ్లీ వచ్చాడు. "గట్లనే ఉన్నది. ఒక్క అచ్చరం కొడితే మూడు పడుతున్నయి." కీబోర్డు మార్చాను, మౌస్ మార్చాను. మళ్లీ వచ్చాడు. నా బల్ల మీద పెట్టి చూస్తే కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తుతోంది.

"అన్నా, ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ ముచ్చట" అన్నాను.

పకపకా నవ్వాడు. "అయితే నువ్వే వచ్చి చూడు, మద్దెల ఎట్లున్నదో."

వెళ్లాను. స్టూల్ లాక్కుని పక్కన కూర్చున్నాను. టాస్క్ మేనేజర్ అనే కిటికీ ఒకటి ఉంటుంది, యంత్రం ఎంత కష్టపడుతోందో అందులో కనిపిస్తుంది. అది తెరిచి పెట్టి ఆయన్ని పనిచేసుకోమన్నాను. యంత్రం అసలు కష్టపడటం లేదు. ఖాళీగా కూర్చుని ఆయన కోసం ఎదురుచూస్తోంది.

ఫైల్ మీద ఆయన రెండుసార్లు నొక్కుతున్నాడు. మొదటి నొక్కుకీ రెండోదానికీ మధ్య ఎడం ఎక్కువైంది; అంత ఎడం వస్తే కంప్యూటర్ దాన్ని డబుల్ క్లిక్ కింద తీసుకోదు. వేలు కీ మీంచి వెంటనే లేవడం లేదు కనుక ఒక అక్షరం మూడు అవుతోంది. నేను మౌస్ తీసుకోగానే ఆయన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. తెగిన పోగును అతుకుతున్నట్టు బొటనవేలు చూపుడువేలి మీద దానంతట అదే కదులుతోంది. మా మేనత్తకు నరాల జబ్బు ఇలాగే మొదలైంది.

సెట్టింగులు తెరిచాను. డబుల్ క్లిక్ వేగానికి ఒక స్లైడర్ ఉంటుంది, దాన్ని కొంచెం నెమ్మది వైపు జరిపాను. అక్షరాలు రెట్టించకుండా కీబోర్డుకు కూడా ఓపిక పెంచాను. స్లైడర్ పక్కనే పరీక్షించుకోవడానికి పసుపు ఫోల్డర్ బొమ్మ ఉంటుంది.

"కొట్టన్నా."

కొట్టాడు. ఫోల్డర్ తెరుచుకుంది.

"ఇగో, ఇప్పుడు అందుకున్నది స్పీడు! ఏం జేసినవ్ చెల్లె?"

నేను కంప్యూటర్‌ను నెమ్మది చేశాను. ఆయన మొహంలో సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే ఆయన భార్య పద్మ వదిన టిఫిన్ డబ్బా తెచ్చింది. ఇంట్లో మిషన్ కుడుతుంది. ఆమెను మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, "వదినా, అన్నను ఒకసారి సోమాజిగూడల నరాల డాక్టరుకు చూపెట్టు" అన్నాను.

ఎందుకని అడగలేదు. "అంగీ గుండీలు పెట్టుకోరాక తిప్పల పడుతుండు. కాజాలు చిన్నగ కుట్టినవని నన్నే కోపం జేస్తడు. అన్ని అంగీల కాజాలు కోసి పెద్దగ జేసిన. ఆయనకు చెప్పలే" అని కొంగుతో మొహం తుడుచుకుంది. నేను లోపల చేసి వచ్చిన పనే ఆమె ఇంట్లో చేస్తోంది.

పార్కిన్సన్స్ అన్నాడు డాక్టరు. మందులతో ఆ ఏడాది లగ్గాలు గట్టెక్కాయి. ఆ తర్వాత అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు, "చెల్లె, జర స్పీడు పెంచిపో." వెళ్లి స్లైడర్‌ను ఇంకొంచెం జరిపేదాన్ని. రోగం పేరు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నిరుడు దసరా ముందు పిలిచాడు. టైపింగ్ అప్పటికే ఒంటి వేలి మీదికి వచ్చింది. సెట్టింగ్ తెరిచి చూస్తే స్లైడర్ చివరికంటా పోయి ఉంది. ఇక జరపడానికి జాగా లేదు. ఆయన పసుపు ఫోల్డర్ మీద కొట్టాడు. తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాడు. తెరుచుకోలేదు.

"ఈ మౌస్ ఖరాబైనట్టున్నదన్నా, రేపు కొత్తది తెస్త" అన్నాను, స్క్రీన్ వైపే చూస్తూ.

ఆయన కుడిచెయ్యి మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు చెల్లె. మద్దెల మంచిదే."

కంప్యూటర్ నన్నే బంద్ చేయమన్నాడు. చేశాను. బల్ల వదిలేశాడు, ఇప్పుడు వదిన మిషన్ మీదే ఇల్లు నడుస్తోంది.

ఈ పనిలో ఉన్న పిల్లలు నన్ను చిట్కాలు అడుగుతుంటారు. ఎవరైనా స్లో అని కంప్యూటర్ తెస్తే ముందు స్క్రూలు విప్పొద్దని చెప్తాను. కుర్చీ వేయండి, వాళ్లనే పనిచేసుకోనివ్వండి, పక్కన కూర్చుని చేతులు చూడండి. నేను అలాగే చేస్తున్నాను. చెడింది డిస్కే అని తేలిన ప్రతిసారీ మనసులో దేవుడికి దండం పెట్టుకుని, ఆ తర్వాత స్క్రూడ్రైవర్ తీస్తాను.