విప్పేముందు గీసే గీత

చలపతిరావు గారి కొట్టుకి బోర్డు లేదు. ఏలూరు పవర్‌పేటలో స్టేషను వైపు పోయే సందులో, రెండు బల్లలు పట్టేంత గది. పాత గ్రామఫోన్లు బాగుచేస్తారు. కీ ఇచ్చి తిప్పేవి మాత్రమే, కరెంటువి ముట్టుకోరు.

"ఇంట్లో మిక్సీ ఆగిపోయి మూడు వారాలైందండీ. ఆ ముసలి పెట్టెలకి మాత్రం పసిపిల్లలకి పట్టినట్టు నూనె పడతారు" అని భార్య వెంకటనరసమ్మ గారు నాతో అంటూంటారు, ఆయనకి వినబడేలా.

రిటైరైన దగ్గర్నుంచీ నేను ఆ కొట్లో ఓ మూల పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నాను. ఆయన పని ఆయనది, నా చదువు నాది. పదేళ్ళలో మేం మాట్లాడుకున్నది తక్కువే.

ఆయనకి పని నేర్పింది తాడేపల్లిగూడెంలో వాచీలూ, గ్రామఫోన్లూ బాగుచేసే మేనమామ. ఆయన రెండు మాటలు చెప్పి పోయాడట. ఏ భాగం విప్పినా, విప్పేముందు అది ఎక్కడుందో సూదితో గీత గియ్యి. డెబ్బై ఎనిమిది లెక్కపెట్టకుండా పెట్టె గుమ్మం దాటనివ్వకు. ఆ రికార్డులు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలి. చలపతిరావు గారు రికార్డు కింద ఓ కాగితం ముక్క అంచు బయటికి కనబడేలా పెడతారు. చేతి వాచీ చూస్తూ, అది ఎన్నిసార్లు తన ఎదటికొచ్చిందో పెదాలతో లెక్కపెట్టుకుంటారు. తేడా ఉంటే స్పీడు మర ఓ పిసరు తిప్పుతారు. మళ్ళీ లెక్క.

రెండేళ్ళ కిందట వానాకాలంలో విక్టోరియా టీచరు గారు ఆటోలో పెట్టె పెట్టుకుని వచ్చారు. గణపవరం అవతల, కొల్లేటి వైపు ఊరు ఆవిడది. డెబ్బై రెండేళ్ళు.

"మా అమ్మండి ఇందులో" అంటూ చీరకొంగులో చుట్టిన రికార్డు తీశారు.

ఆవిడ తల్లి ఎస్తేరమ్మ చర్చిలో బాగా పాడేదట. పెళ్ళైన కొత్తలో, పంతొమ్మిదేళ్ళప్పుడు, మిషన్ వాళ్ళు మద్రాసు తీసుకెళ్ళి ఒక కీర్తన రికార్డు చేయించారు. టీచరు గారికి మూడో ఏడు రాకుండానే ఆవిడ పోయింది. ఫోటో కూడా లేదు. ఏడాదికోసారి, నవంబరు మొదట్లో పోయినవాళ్ళని తలుచుకునే సమాధుల పండుగ నాడు, కొత్త ముల్లు పెట్టి ఇంటిల్లిపాదీ ఆ పాట ఒక్కసారి వింటారు. అరిగిపోతుందని రెండోసారి పెట్టరు.

"పోయినేడు సగంలో ఆగిపోయిందండీ. నవంబరుకల్లా పాడాలి. నా ఒంట్లో కూడా ఏం బాగోలేదు."

పెట్టె లోపల గ్రీజు బెల్లప్పాకంలా గట్టిపడింది. స్ప్రింగు చచ్చిపోయింది. అన్నీ విప్పి, కడిగి, కొత్త స్ప్రింగు వేసి, డెబ్బై ఎనిమిది లెక్కపెట్టి కబురు చేశారు. ఆవిడొచ్చి బల్ల పక్కన కూర్చున్నారు. పాట మొదలైంది. సన్నగా, గలగలా, లేత గొంతు.

టీచరు గారు రెండు చరణాలు విన్నారు.

"ఈ పిల్లెవరండీ?"

"మీ అమ్మగారేనండీ. మీ రికార్డేనండి."

"మా అమ్మ గొంతు నాకు తెలీదా? ఇది మా మనవరాలికంటే చిన్నపిల్లలా ఉంది."

"పెట్టె నిదానంగా తిరిగి గొంతు ముదురుగా వినబడేదండీ. ఇన్నాళ్ళూ మీరు తప్పుగా విన్నారు. ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు చలపతిరావు గారు, కాస్త గర్వంగానే.

"తప్పేనేమోనండి. నాకున్నది ఆ అమ్మే కదండీ."

"దాందేముంది, తగ్గిస్తానండీ" అని ఆయన మూత తీశారు. మర తిప్పుతుంటే ఆవిడ "ఇంకొంచెం... ఇంకొంచెం... అయ్యో, దాటిపోయిందండీ" అన్నారు. ఆయన వంగి లోపలికి చూశారు. చక్రాల మీద గీతలున్నాయి, స్ప్రింగు డబ్బా మీద ఉంది. స్పీడు మర దగ్గర లేదు.

"అన్నిటికీ గీశానండీ" అన్నారు ఆ సాయంత్రం నాతో. "దానికే గీయలేదు. ఎలాగూ తప్పుగా ఉంది, తప్పుని గుర్తుపెట్టుకోవడం ఎందుకనుకున్నాను."

టీచరు గారికి ప్రయాణం పడక, మేమే పెట్టె పట్టుకుని వెళ్ళాం. గణపవరం దాకా బస్సు, తర్వాత ఆటో. దారికి రెండు వైపులా చేపల చెరువులు, గాలిలో మేత వాసన. పెట్టె ఆయన ఒళ్ళో, రికార్డు నా ఒళ్ళో. ఏడాదికోసారి పాడే పాటని ఆ నెలన్నరలో ఇరవైసార్లు పెట్టి ఉంటాం. ప్రతిసారీ ఆవిడ చెవి ఒగ్గి వినడం, "దగ్గరకొచ్చిందండీ, కానీ అమ్మ కాదు" అనడం.

టీచరు గారి మనవరాలు క్రిస్టినా నర్సింగు చదువుతోంది. "తాతగారూ, ఫోన్‌లో ఎక్కించుకుంటే స్పీడు ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చండి" అంది.

"ఎంత కావాలమ్మా? అదేగా తెలీంది."

మూడోసారి వెళ్ళేసరికి టీచరు గారు మంచం మీదున్నారు. పాట సగం కాకముందే చెయ్యెత్తి "ఇదేనండి. మా అమ్మే. సరిపోయింది" అన్నారు. మాకు కాఫీలిమ్మని క్రిస్టినాకి చెప్పారు.

బస్సులో చలపతిరావు గారు కిటికీలోంచి చూస్తూ "అది కాదండీ" అన్నారు.

"ఆవిడే చెప్పారుగా?"

"మనసుకి దొరికితే మనిషి కళ్ళు మూసుకుంటుందండీ. ఆవిడ నా మొహం చూస్తూ చెప్పారు. ముసలాళ్ళిద్దరూ ఎన్నిసార్లు తిరుగుతారులే అని."

అక్టోబరు చివర్లో ఆవిడ పోయారు.

సమాధి దగ్గర క్రిస్టినా ఆ కీర్తనే పాడింది. వాయిద్యం లేదు. బరువుగా, నిదానంగా, చిన్న వయసుకి తగని గొంతుతో పాడుతోంది. చలపతిరావు గారు చేతి వాచీ కళ్ళ దగ్గర పెట్టుకున్నారు. నలుగురూ చూస్తున్నారు. నాకు సిగ్గేసి "బస్సుకి టైముందిలెండి" అన్నాను మెల్లిగా. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. పెదాలు లెక్కపెడుతున్నాయి.

అందరూ వెళ్ళాక ఆ పిల్లని అడిగారు. "ఈ పాట ఎవరు నేర్పారమ్మా?"

"అమ్మమ్మేనండి. పెట్టెతో పాటు పాడి నేర్పింది. ఇలాగే పాడేది."

"రోజూ పాడేవారా?"

"వంట చేసేటప్పుడల్లా."

ఆటో దగ్గరికి నడుస్తుంటే ఆయన అన్నారు. "డెబ్బై ఎనిమిదిలో ఆ చరణం నలభై సెకన్లండీ. ఆ పిల్ల నలభై ఐదు తీసుకుంది. అంటే అరవై తొమ్మిది చుట్లు." ఆటో ఎక్కుతూ, "మూడుసార్లు వచ్చాను. విని చెప్పమన్నానే గానీ ఒక్కసారి మీరు పాడండి అనలేదు. ఆవిడ గొంతులోనే ఉందండీ ఆ గీత" అన్నారు.

నాలుగు రోజులకి సమాధుల పండుగ. సమాధుల తోటలో బంతిపూలు, కొవ్వొత్తులు. తల్లి సమాధికీ కూతురి పచ్చిమట్టికీ మధ్య ఒక స్టూలు వేసి పెట్టె పెట్టారు. చలపతిరావు గారు కొట్లోనే లెక్కపెట్టి తెచ్చారు, అరవై తొమ్మిది. ముల్లు ఆనించారు. బాగా అరిగిన రికార్డు, గరగర ఎక్కువైంది. ఆ గరగరలోంచి నిండుగా ఒక పెద్దావిడ గొంతు వచ్చింది. క్రిస్టినా కళ్ళు మూసుకుంది.

"ఇదేనండి" అంది పాట అయ్యాక. "అమ్మమ్మ వాళ్ళమ్మ ఇదే."

చలపతిరావు గారు పెట్టె మూత తీసి జేబులోంచి సూది తీశారు.

"ఇప్పుడు గీసి ఏం లాభమండీ" అన్నారు, నాతోనో, తనలోనో. అంటూనే కొవ్వొత్తి దగ్గరగా పట్టుకోమని నాకిచ్చి, స్పీడు మర పక్కన ఇత్తడి మీద ఒక గీత గీశారు.