పదకొండు నిమిషాల జనరేటర్

కమలకుమారి అనకాపల్లిలో పంతొమ్మిదేళ్లు సోషల్ టీచరుగా పనిచేసింది. కెనడాలోని నార్త్ యార్క్ వచ్చాక ఆ అనుభవం ఎవరికీ అక్కరలేకపోయింది. డేకేర్ వంటగదిలో పని దొరికింది. నలభై మంది పిల్లలకు వండిపెడుతుంది. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషని అపార్ట్‌మెంట్‌లో పేరు. మొన్న మార్చి వరకూ అది నిజమే.

మంచువాన వస్తుందని రేడియోలో మూడు రోజుల ముందే చెప్పారు.

"వాన పడితే మంచిదేగా అక్కా, మంచు తొయ్యక్కర్లేదు," అంది పక్క ఫ్లాట్ శ్యామల.

"ఈ వాన వేరు. పైన దక్షిణం నుంచి వెచ్చని తడిగాలి వస్తోంది. కింద ఉత్తరపు చలిగాలి కదలకుండా కూర్చుంది. కురిసేది నీళ్లే, కానీ దేన్ని తాకితే దాని మీద గడ్డకడుతుంది. ఆ బరువుకి కొమ్మలు విరిగి తీగల మీద పడతాయి. కరెంటు పోతుంది," అంది కమలకుమారి.

శ్యామల ముఖం పాలిపోయింది. ఆమె భర్త మల్లికార్జున్‌కి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్సిజన్ మెషీన్ రోజంతా నడవాలి. వాళ్లుండేది పద్నాలుగో అంతస్తు. ఇద్దరూ వెంటనే బిల్డింగ్ ఆఫీసుకి వెళ్లారు.

"జనరేటర్ ఉంది. ఒక లిఫ్ట్ ఎప్పుడూ నడుస్తుంది. కంగారు పడకండి," అన్నాడు మేనేజరు, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

శనివారం ఉదయం పది గంటలకు కరెంటు పోయింది. జనరేటర్ గుర్రుమంటూ లేచింది. పదకొండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. మెషీన్ ఆగింది, లిఫ్టూ ఆగింది. మల్లికార్జున్ దగ్గర మిగిలింది రెండు గంటలకు సరిపడే చిన్న సిలిండర్ ఒక్కటే. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే, రోడ్లన్నీ గాజుపలకల్లా ఉన్నాయి, ఆలస్యమవుతుంది, మనిషిని కిందికి దించి ఉంచగలరా అన్నారు.

కమలకుమారి తలుపు తలుపూ కొట్టింది. నలుగురు వచ్చారు. మల్లికార్జున్‌ని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో కట్టారు. చీకటి మెట్ల మీద ఫోన్ లైటు పట్టుకుని ఆమె ముందు నడిచింది. పద్నాలుగు అంతస్తులు దిగడానికి యాభై నిమిషాలు పట్టింది. ఆయన పెదాలు నీలం తిరుగుతుంటే, శ్యామల "ఇంకొంచెమే అండీ, ఇంకొంచెమే" అంటూనే ఉంది. సిలిండర్ అయిపోయే వేళకు అంబులెన్స్ వచ్చింది.

మూడో రోజు కరెంటు వచ్చింది. దాంతోపాటే లాబీలో ఒక కాగితం అతికించారు. మా చేతుల్లో లేని ప్రకృతి వైపరీత్యం వల్ల కలిగిన అసౌకర్యాన్ని అందరూ మన్నించాలట.

అసౌకర్యం! ఆ మాట దగ్గర కమలకుమారికి ఒళ్లు మండిపోయింది. నేరుగా బేస్‌మెంట్‌కి వెళ్లింది. జనరేటర్ గది తలుపుకి తనిఖీ కార్డు వేలాడుతోంది. నెలనెలా సంతకం పడాలి, ఆఖరిది పద్నాలుగు నెలల కిందటిది. ఫోటో తీసుకుంది.

ఆ వారం అద్దెదారుల మీటింగ్‌లో మేనేజరు చేతులెత్తేశాడు. "వాతావరణాన్ని ఎవరు ఆపగలరు మేడమ్?"

ఆమె లేచి నిలబడింది. "వానని ఆపమని మిమ్మల్ని ఎవరడిగారు? మబ్బుల సంగతి మబ్బులది. ఈ మోటారు ఎవరిది? పద్నాలుగు నెలలు దీని మొహం చూడనిది ఎవరు? మీ మాట నమ్మి ఆయన ఇక్కడే ఉండిపోయాడు. ముందే చెబితే పక్క ఊరు మిస్సిసాగాలో చెల్లెలింటికి వెళ్లేవాడు కదా!"

"ఆ వివరాలు హెడ్డాఫీసులో ఉంటాయి," అన్నాడతను.

ఆమె ఫోటోతో సహా సిటీ మున్సిపాలిటీకి ఫిర్యాదు చేసింది. రెండు వారాలకు ఇన్‌స్పెక్టర్ వచ్చి జనరేటర్ మార్చాలని ఆర్డర్ రాశాడు. ఏప్రిల్‌లో కొత్త జనరేటర్ బిగించారు. లాబీలో కాగితం మాత్రం అలాగే ఉంది, తప్పు మాదని ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు.

మల్లికార్జున్ పదహారు రోజులకు ఇంటికొచ్చాడు. ఇదివరకు కారిడార్‌లో చివరి దాకా నడిచేవాడు. ఇప్పుడు మంచం దిగితే ఆయాసం.

"పోనీలే అక్కా, బతికాడు. వాళ్లతో మనకెందుకు?" అంది శ్యామల.

"బతికించింది మెట్లు దించిన నలుగురు. వాళ్లు కాదు," అంది కమలకుమారి.

సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. మీ సమస్య తీరిందా, అవునా కాదా అని ప్రశ్న. ఆమె కాదు అని నొక్కి, మల్లికార్జున్ పేరు, ఫ్లాట్ నంబరు, ఆ శనివారం తేదీ రాసి పంపింది. మర్నాడు డేకేర్‌కి వెళ్లే ముందు, ఆ తప్పు ఒప్పుకోమని అడగడానికి మళ్లీ బిల్డింగ్ ఆఫీసు తలుపు కొట్టింది.