రాణిగారి పిన్ని

నాటక కంపెనీలో అందరూ ఆమెను పౌడరమ్మ అంటారు. మొహాలకు రంగు వేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. మచ్చయినా, ముడతయినా ఆమె చెయ్యి పడితే ఇట్టే మాయం. అన్నిటికన్నా బాగా దాచింది మాత్రం తన పుట్టింటిని. తానూ ఏటవతలి మనిషేనని పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఎక్కడా పొక్కనివ్వలేదు. ఏటవతలి వాళ్లంటే ఇక్కడ చులకన. రంగు తక్కువట, మాట మోటట. నాటకాల్లోనూ వాళ్లకు దక్కేది దాసీ వేషమో, దొంగ వేషమో.

అలాంటిది, కొత్తగా వచ్చిన దర్శకురాలు పాత రాజుల కథను మళ్లీ ఆడిస్తూ, రాణి వేషం ఏటవతలి పిల్లకిచ్చింది. ఆ పిల్ల ఎవరో కాదు, పౌడరమ్మ సొంత అక్క కూతురే. సంతోషించాల్సింది పోయి, పిన్ని వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మలూ, అక్కడ నన్ను పిన్నీ అని పిలవకే. నా పరువు పోతుంది."

పిల్ల "సరేలే" అంది.

మొదటి ఆట రోజు మేనేజరు మేకప్ గదిలోకి తల దూర్చాడు. "కాస్త తెల్లగా చెయ్యండమ్మా, రాణంటే జనం నమ్మొద్దూ? ఎంత రుద్దినా వీళ్ల రంగు వదలదనుకోండి!" అని తన జోకుకి తనే నవ్వాడు. పౌడరమ్మా నవ్వింది. నవ్వకపోతే కొంపలేం మునిగిపోవు. అయినా నవ్వింది, సిగ్గులేకుండా.

అద్దంలోంచి పిల్ల ఆమెనే చూస్తోంది. "నా రంగు నాకే ఉంచండి. దర్శకురాలు అలాగే చెప్పారు" అంది.

పెట్టెలో ఆ రంగు డబ్బా లేదు. రెండు మూడు కలిపి చేసుకోవాల్సి వచ్చింది. తన మొహం మీది పౌడరు తుడుచుకుంటే సరిగ్గా ఆ రంగే. పౌడరమ్మకు తల కొట్టేసినట్టయింది. తలెత్తకుండానే పని ముగించింది.

ఆట రక్తికట్టింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేనేజరు ప్లేటు ఫిరాయించి, రాణిగారి తల్లిని తనే దగ్గరుండి మేకప్ గదికి తీసుకొచ్చాడు. పౌడరమ్మను చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన అక్క ఆవిడ.

"ఇదిగోనమ్మా, మీ అమ్మాయిని ముస్తాబు చేసింది ఈవిడే!"

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. అక్కడున్న భయం ఆవిడకు వెంటనే అర్థమైంది.

"నమస్కారమండీ. మా పిల్లని చక్కగా తయారుచేశారు" అంది, ఎన్నడూ ఎరగని మనిషితో అన్నట్టు.

ఒక్కసారి "అక్కా" అంటే చాలు. పౌడరమ్మ నోరు తెరిచింది. పక్కనే మేనేజరు నిలబడి ఉన్నాడు.

"నమస్కారమండీ" అంది.