ఆయమ్మ తెచ్చిన కుర్చీ

పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు మహారాణి టీచర్. చరిత్రలో ఏ పాఠం మొదలుపెట్టినా ఆవిడ చివరికి ఆఫ్రికా రాజుల దగ్గరే తేలుతుంది మరి. పుస్తకంలో వాళ్ల గురించి ఉన్నవి ముచ్చటగా మూడు వాక్యాలు. వాటిని ఆవిడ మూడు వారాలు చెబుతుంది. మాలి రాజ్యాన్ని ఏలిన మన్సా మూసా ఎడారి దాటి మక్కాకు వెళ్లిన కథ చెప్పిన రోజు, వెనక బెంచీల వాళ్లు కూడా ఇంటిబెల్లు వినిపించుకోలేదు. "ఇవాళ ఎవరికండీ పట్టాభిషేకం?" అని తోటి టీచర్లు ఆటపట్టించేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. పిల్లలు తలెత్తుకుని నిలబడాలంటే, తల వంచని వాళ్ల గురించే చెప్పాలని ఆవిడ నమ్మకం.

నమ్మకంలో తప్పు లేదు. తప్పు వేరేచోట జరిగింది.

అన్నిటిలోకీ ఆవిడకు ప్రాణం ఆఫ్రికా రాణి ఎన్జింగా కథ. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట. అప్పటికింకా ఆమె రాణి కాదు. తోడబుట్టిన రాజు తరఫున పోర్చుగీసు గవర్నరుతో సంధి మాట్లాడటానికి వెళ్లింది. గదిలో కుర్చీ ఒక్కటే, అది గవర్నరుది. ఈమెకు నేల మీద చాప పరిచారట. ఆమె దాని వంకైనా చూడలేదు. సైగ చేస్తే పరిచారిక ఒకామె చేతులు నేలకానించి వంగింది. ఎన్జింగా ఆ వీపు మీద కూర్చుని, గవర్నరు కళ్లలోకి చూస్తూ మాట్లాడింది. "నాయకత్వం అంటే అదీ!" అని టీచర్ బల్ల చరిచేది.

ఈ ఏడు పై అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసి, ఆ కథను పిల్లల చేత ఆడించాలనుకుంది. రాణి వేషానికి పద్దెనిమిది చేతులు లేచాయి. వంగే వేషానికి ఒక్కటీ లేవలేదు. టీచర్ చూపు తిన్నగా మూడో బెంచీ చివర కూర్చున్న ఆయమ్మ మనవరాలి మీదికి వెళ్లింది. ఆ పిల్ల ఏది చెప్పినా కాదనదు. "నువ్వు వంగుతావు కదూ, బంగారం?" అంది. పిల్ల తలూపింది. టీచరుకు అప్పుడు చీమ కుట్టినట్టయినా లేదు.

ఆయమ్మ అంటే బడి ఊడ్చి, గంట కొట్టే మనిషి. టీచర్ కొత్తగా చేరినప్పుడు, చంటిబిడ్డతో తరగతికి ఎలా వెళ్లాలో తెలియక ఏడుస్తుంటే, ఆయమ్మే ఆ బిడ్డను వీపున కట్టుకుని వరండాలు ఊడ్చింది. రెండేళ్లు అలా గడవబట్టే టీచర్ ఉద్యోగం నిలిచింది. అప్పట్నుంచి ఆయమ్మ ఈవిడకు 'అక్క', ఈవిడ ఆయమ్మకు 'టీచరమ్మ'.

తనిఖీ రోజు అధికారి వెంట మరొకాయన కూడా దిగబడ్డాడు. కుర్చీ తక్కువైందని ఆయమ్మను ఆఫీసుకు పరుగెత్తించారు. ఆమె కుర్చీ మోసుకుని తిరిగి వచ్చేసరికి నాటకం మంచి పట్టులో ఉంది. మనవరాలు చేతులు నేలకానించి వంగి ఉంది. దాని వీపు మీద పొడుగుపిల్ల ఒకతి కూర్చుని, గొంతెత్తి సంధి షరతులు చెబుతోంది. కింది పిల్ల మోచేతులు వణుకుతున్నాయి. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది టీచరే.

ఆయమ్మ కుర్చీని అధికారుల దగ్గరికి తీసుకెళ్లలేదు. తిన్నగా వచ్చి మనవరాలి పక్కన దించింది.

"కుర్చీ ఉంది మేడం. పిల్లను లేవమనండి" అంది.

పదహారేళ్లలో ఎన్నడూ వినని ఆ 'మేడం' టీచరుకు గుండెల్లో ముల్లులా దిగింది. అధికారి మాత్రం "బాగుంది, బాగుంది" అంటూ ఏదో రాసుకున్నాడు. బడికి మంచి పేరే వచ్చింది. ఆ పేరు తలుచుకుంటే ఆవిడకు సిగ్గేసింది.

మర్నాటి నుంచి పిల్ల బడికి రాలేదు. ఆయమ్మ వచ్చేది, ఊడ్చేది, అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చేది. నాలుగో రోజు టీచర్ ఉండబట్టలేక వరండాలో ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"అక్కా, తప్పయిపోయింది. నాటకమే కదా అనుకున్నాను..."

"నాటకమే మేడం. మరి అంతమందిలో మీకు దాని మొహమే ఎందుకు కనబడింది?" ఆయమ్మ చీపురు ఆపకుండానే అడిగింది. "నేను పంపననలేదు. అదే రానంటోంది. రేపు ఎలాగో తీసుకొస్తాను. చెప్పేదేదో దానికే చెప్పుకోండి."

ఆ సాయంత్రం టీచర్ ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేసింది. గవర్నరు పేరుంది, సంవత్సరం ఉంది. వంగినామె పేరు మాత్రం వాటిలో ఎక్కడా లేదు. ఇన్నేళ్లలో ఆ పేరు వెతకాలని తనకసలు తోచనే లేదు.

మర్నాడు పిల్ల వచ్చింది. టీచర్ తన కుర్చీని పక్కకు జరిపి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, తరగతి అందరి ఎదుటా మోకాళ్ల మీద వంగి చేతులు నేలకానించింది.

"ఇవాళ నువ్వే రాణివి. రా, కూర్చో."

పిల్ల బెంచీ దగ్గరి నుంచి కదల్లేదు.

"నాకు ఎవరి మీదా కూర్చోవాలని లేదు టీచర్. లేవండి, మోకాళ్లు నొప్పెడతాయి." మళ్లీ తనే అంది, "ఆ రోజు నా చేతులు వణికాయి. మీరు చూశారు కూడా. మరి చప్పట్లెందుకు కొట్టారు?"

టీచర్ తలెత్తింది. గుమ్మంలో ఆయమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా జవాబు కోసమే చూస్తోంది.