చీనీ తోటలో ఎర్రలైటు

నేను రిటైరు కావడానికి ముందరి ఎండాకాలం. అనంతపురంలో బోరు మోటార్లకు కంట్రోలర్ పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా ఉన్నాను. పామిడి దగ్గర ఒక చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పోయి రమ్మన్నారు. రైతు ఓబులేసు ఫోన్ చేసి, బోరు ఎండిపోయింది, మీ పెట్టె విప్పుకొని పోండి అన్నాడట.

ఆ పెట్టె చేసే పని ఇదీ. నీళ్లు తోడేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. బోరులో నీళ్లు తగ్గితే ఉత్తగా తిరిగి తక్కువ లాగుతుంది, అట్లే వదిలేస్తే కాలిపోతుంది. పెట్టెలో మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు ఆ కరెంటును కొలుస్తూ, తగ్గిందంటే మోటారు ఆపి ఎర్రలైటు వెలిగిస్తుంది. ఎర్రలైటు అంటే నీళ్లు లేవని.

ఓబులేసు తోటలో రోజూ మధ్యాహ్నం ఎర్రలైటు వెలుగుతోంది, పొద్దు వాలినాక మోటారు మళ్లీ తిరుగుతోంది. వేరే సీమలో అయితే పెట్టె చెడిందనుకుంటారు. మా దగ్గర బోరు ఎండడమే మామూలు కాబట్టి పెట్టెను ఎవరూ అనుమానించలేదు. పైగా డ్రిప్పు పైపుల్లో పోయే నీళ్లు కంటికి కనపడవు. "పక్క తోటల మోటార్లన్నీ ఆ పొద్దుకే తిరగతాండాయి సార్, నా నీళ్లు ఆడికి పోతాండాయి" అన్నాడు ఓబులేసు. నీళ్లు చాలకపోతే సగం తోట కొట్టేసి మిగతా సగం బతికించుకోవడం ఇక్కడి అలవాటు. కొట్టేయాల్సిన చెట్లకు అప్పటికే సున్నం గుర్తులు పెట్టినాడు. మర్నాడు రంపం మనుషులు వస్తారు, ఇవన్నీ మా నాయన నాటినవి అని చెప్పి మొహం తిప్పుకున్నాడు.

పొద్దున కాబట్టి పెట్టె శుభ్రంగా నడుస్తోంది. మా డిజైన్ హెడ్ మేరీ సునీతకు ఫోన్ చేసినాను. వయసులో నాకన్నా చిన్న, హోదాలో పెద్ద. మామూలుగా పెట్టె విప్పి ఆఫీసుకు తీసుకుపోతాం. ఏసీ గదిలో అది బుద్ధిగా నడుస్తుంది, రోగం లేదని రాసి పంపేస్తాం. ఆమె మాత్రం పెట్టె విప్పొద్దని చెప్పి, తనే బయలుదేరి వచ్చింది.

మధ్యాహ్నానికి పెట్టె రేకు ఎండకు కాలి చెయ్యి పెట్టనీయలేదు. ఆమె మోటారు తీగకు క్లాంప్ మీటరు తగిలించింది. తీగ తెంపకుండా కరెంటు చూపించే పట్టకారు లాంటిదది. పెట్టె ఆపేసిన క్షణం దాకా మోటారు నిండుగానే కరెంటు లాగింది. "నీళ్లుండాయన్నా, పెట్టే అబద్ధం చెప్తాంది" అంది ఓబులేసుతో. ఓబులేసు నమ్మలేదు. "ఇన్నేండ్లు నిజం చెప్పింది, ఇప్పుడెందుకు చెప్తాదమ్మా అబద్ధం?" అన్నాడు.

చిప్పు మార్చేద్దామన్నాను నేను. "చిప్పును తర్వాత తిడదాం సార్, ముందు దానికి చాడీలు చెప్పేదెవరో చూద్దాం" అంది. పెట్టెలోంచి సర్క్యూట్ బోర్డును తీసి నీడలో చల్లారనిచ్చి, మోటారు లేకుండా ఒక పరీక్ష కరెంటు ఇచ్చింది. తల ఆరబెట్టుకునే డ్రయ్యరు బయటికి తీసి, రంధ్రం చేసిన అట్టముక్క అడ్డం పెట్టి, ఒక్కో భాగానికే వేడిగాలి తగిలేటట్టు పట్టింది. చిప్పు వేడెక్కినా లెక్క మారలేదు. కరెంటు కొలిచే తీగ పక్కన ఉన్న చిన్న కెపాసిటర్‌కు గాలి తగలగానే, బోర్డుకు తగిలించిన లాప్‌టాప్‌లో అంకె దిగజారింది. చల్లబరిచే స్ప్రే కొడితే లేచింది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ దిగింది. సంకేతాన్ని నిలకడగా ఉంచాల్సిన భాగం, వేడికి దాన్ని కొంత కారిపోనిస్తోంది. చిప్పు తనకు అందిన తక్కువ లెక్కను నమ్మి మోటారు ఆపుతోంది. ఇంత ఓపికగా, ఒక్క ఊహ కూడా కలపకుండా తప్పు పట్టిన మనిషిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు.

దాన్ని తీసేసి, అక్కడే వేడిని తట్టుకునే కెపాసిటర్ అతికించింది. ఆ మిట్టమధ్యాహ్నమే బోర్డును మళ్లీ అదే రేకు పెట్టెలో పెట్టి నడిపినాం. ఎర్రలైటు రాలేదు. ఓబులేసు పైపు చివర బిరడా పీకినాడు. నీళ్లు కాళ్ల మీద పడినాయి. రంపం మనుషులకు ఫోన్ చేసి రావద్దన్నాడు. తర్వాత తడి చేత్తో మొదటి చెట్టు మీది సున్నం తుడిచినాడు.

వేడికి చెడిన సర్క్యూట్ ఆగిపోతే పట్టుకోవడం సులువు. మనం ముందే భయపడుతున్న మాటనే అది చెప్పినప్పుడు కష్టం. అందుకే దాన్ని దాని ఎండలోనే, వేరే మీటరుతో చూడాలి. ఈరోజుకీ ఎవరన్నా నీళ్లు లేవంటే, ఏ పొద్దులో చూసినారని అడుగుతాను.